చిన్నమ్మ పాతించిన రాయి

పోయిన నెల ఒక పొద్దున సిరిసిల్లలో నా ఫ్లెక్సీ దుకాణం షట్టరు ఎత్తుతుండగా జగిత్యాల నుంచి ఫోన్ వచ్చింది. చిన్నమ్మ కూతురు.

"అన్నా, అమ్మ పోయింది."

అంతే అంది. ఏడవలేదు. ఏదో ఒకటి అనాలని నేను, "అయ్యో... ఫ్లెక్సీ చేసుకోనొస్త. మంచి ఫొటో ఉంటే పంపమ్మా" అన్నాను. ఆమె చావు వినగానే నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట అదీ. ఊళ్లో ఎవరు పోయినా శ్రద్ధాంజలి ఫ్లెక్సీలు కొట్టి కొట్టి నోటికి అలవాటైపోయింది.

"ఫ్లెక్సీ వద్దన్నా. అమ్మ ముందుగాలనే వద్దన్నది. ఊరికి తీస్కపోతున్నం. నువ్వు రా" అని పెట్టేసింది.

చిన్నమ్మ నాకు రక్తసంబంధం కాదు. కోరుట్లకు ఆరేడు కిలోమీటర్ల దూరంలో మా ఊరు. అక్కడ మా రెండిళ్లకూ నడుమ ఒకటే గోడ. మా అమ్మ పొద్దున్నే పొలానికి పోయేది, బడి నుంచి వచ్చి నేను తినేది ఎక్కువగా చిన్నమ్మ ఇంట్లోనే. అందుకే ఆమె చిన్నమ్మ, ఆమె భర్త చిన్నాయన. వాళ్ల పేర్లు ఇక్కడ రాయడం లేదు. ఆ ఇంటి పేరును ఒకసారి పేపర్లోకి ఎక్కించిన చెయ్యి ఇదే. రెండోసారి ఎక్కించడానికి మనసు ఒప్పడం లేదు.

ఆమెను తలచుకుంటే ముందు కనిపించేది అరుగు మీద కూర్చున్న రూపం. ఒళ్లో చాట, చాటలో తునికాకు, తంబాకు. చూపు వీధి మీద ఉండేది, వేళ్లు మాత్రం ఆకును చుట్టి, మూతి ముడిచి, దారం కట్టి పక్కన పడేసేవి. మాట్లాడుతున్నా, నవ్వుతున్నా, ఎవరినైనా తిడుతున్నా వేళ్లు ఆగేవి కావు. అన్నం పెట్టేముందు మాత్రం చేతులు మూడుసార్లు కడుక్కునేది. మూడోసారి ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, "ఇంక తంబాకు వాసనే అస్తున్నది" అని నాలుగోసారి కడుక్కునేది. నాకు అన్నం పెట్టి, తాను ఎదురుగా కూర్చుని, నేను తిన్నంతసేపూ ఒక్క బీడీ కూడా చుట్టేది కాదు.

చిన్నాయన మా ఊరి టపా మనిషి. పొద్దున సైకిల్ మీద కోరుట్ల పోయి, బస్సులో వచ్చే టపా సంచి దింపుకుని, మధ్యాహ్నానికి ఊరు చేరేవాడు. ఉత్తరాలు పంచడం కూడా ఆయనే. అప్పట్లో మా దిక్కున దుబాయి, మస్కట్ పోయినవాళ్లు ఎక్కువ. సైకిల్ గంట వినబడితే ఆడవాళ్లు చేతిలో పని వదిలి వాకిట్లోకి వచ్చేవాళ్లు. ఆయనకు ఒక అలవాటుండేది. కార్డు ఎవరిదైనా సరే, రాత కిందికి పెట్టి చేతికిచ్చేవాడు. కార్డు మీద రాత ఎవరైనా చదవొచ్చు కదా అని నేనొకసారి అడిగితే, "సదువచ్చు. సదివితె యాదికుంటది. యాదికుంటె ఎక్కడ్నో ఓ కాడ నోరు జారుత" అన్నాడు. చిన్నమ్మ లోపలి నుంచి, "ఒకలది ఇంకొకలకు చెప్పుడు మా ఇంట్ల లేదు కొడుకా" అంది.

ఆ మాట అప్పుడు నాకు మామూలు మాటగానే తోచింది.

ఇప్పటి పిల్లలకు ఆ రోజుల గురించి చెప్తే నమ్మరు. ఒకవైపు నక్సలైట్ల దళాలు, ఇంకొకవైపు పోలీసు జీపులు. యుద్ధం అని ఎవరూ అనలేదు గాని, ఊళ్లో మేం బతికింది యుద్ధంలోనే. ఇంటికి ఎవరైనా వచ్చి మంచినీళ్లు అడిగితే ఇవ్వడానికీ భయం, ఇవ్వకపోవడానికీ భయం. ఇచ్చారని పోలీసులు కొట్టేవాళ్లు. కొట్టించుకుని వచ్చినవాణ్ని, ఠాణాలో ఏం చెప్పి వచ్చావని దళం అడిగేది. మనిషిని తీసుకుపోవడానికి ఇద్దరికీ అనుమానం ఒక్కటి చాలు.

నాకప్పుడు ఇరవై రెండేళ్లు. డిగ్రీ మధ్యలో మానేసి కోరుట్లలో ఒక పేపరుకు వార్తలు రాసి పంపేవాణ్ని. రాసిన కాగితాలు కవర్లో పెట్టి సాయంత్రం కరీంనగర్ బస్సు డ్రైవరుకు ఇస్తే అక్కడ ఆఫీసువాళ్లు తీసుకునేవారు. గుర్తింపు కార్డు ఇంకా రాలేదు. వస్తుంది, వస్తుంది అని నెలల తరబడి ఎదురుచూస్తున్నాను. ఆ కార్డు జేబులో ఉంటే నేనూ ఒక మనిషినే అని అనుకునేవాణ్ని.

కోరుట్లలో ఆ టపా బస్సు ఆగే చోటు ఠాణాకు ఎదురుగా ఉండేది. బస్సు ఒకరోజు టైముకు వచ్చేది, ఒకరోజు గంట ఆలస్యమయ్యేది. చిన్నాయన సైకిల్ స్టాండు వేసి అక్కడే నిలబడేవాడు. ఎండగా ఉంటే ఠాణా గోడ నీడకు జరిగేవాడు. ఎప్పుడైనా కానిస్టేబుల్ పలకరిస్తే తలూపేవాడు. ఆయన చేసిన నేరం ఇంతే. ఇది నేను ఎవరి నోటి నుంచో విని చెప్తున్నది కాదు. అటువైపు పోయిన ప్రతిసారీ కళ్లారా చూసి, "బస్సు రాలేదా చిన్నాయనా" అని పలకరించి పోయినవాణ్ని.

పసుపు ఉడకబెట్టే రోజుల్లో, ఒక మంగళవారం మధ్యాహ్నం, ఆయన సంచి వేసుకుని వస్తుంటే ఊరికి కిలోమీటరు ఇవతల, రోడ్డు మలుపు దగ్గర ఆపారు. పొలాల్లో పనిచేస్తున్నవాళ్లు చూశారు. సైకిల్ పక్కకు పెట్టమన్నారట. ఆయన స్టాండు వేసి, సంచిని క్యారియర్ మీద సర్ది, అప్పుడు వాళ్ల దగ్గరికి పోయాడట. మాటలు వినబడలేదు. తర్వాత రెండు తుపాకీ చప్పుళ్లు. పొలాల్లో ఉన్నవాళ్లు పసుపు కుప్పలు వదిలేసి ఊళ్లోకి పరుగెత్తారు.

కబురు కోరుట్లకు చేరిన అరగంటలో నేను అక్కడున్నాను. జనం దూరంగా, పొలం గట్ల మీద నిలబడి ఉన్నారు. దగ్గరికి ఎవరూ పోలేదు. రోడ్డు పక్కన ఆయన, ఆయన పక్కన చిన్నమ్మ. నాలుగేళ్ల కూతుర్ని మా అమ్మ దగ్గర వదిలి ఒక్కతే వచ్చింది. ఏడుపు అయిపోయిందో, ఇంకా మొదలు కాలేదో తెలియదు. ఆయన మొహం మీద ఈగలు వాలకుండా కొంగుతో విసురుతున్నది. ఆయన చొక్కా మీద ఒక రాయి, రాయి కింద ఎర్ర సిరాతో రాసిన కాగితం. పోలీసు ఇన్ఫార్మర్ కాబట్టి శిక్షించాం అని దాంట్లో ఉంది.

నేను నోటుబుక్కు తీశాను. అది చూసి చిన్నమ్మ, "అచ్చినవా కొడుకా. రాసుకో" అంది. "ఆయిన బస్సు కోసమే నిలవడుతుండె. నువ్వు రోజు సూస్తుంటివి గద. ఎవ్వలకు ఏం చెప్పలే. రాసుకో."

ఆమె ఒక్కో మాటా ఆగి ఆగి చెప్పింది, నేను రాసుకోవడానికి వీలుగా. ఆమె కళ్లముందే రాసుకున్నాను. "రాసినవా?" అని అడిగింది. "రాసిన చిన్నమ్మా" అన్నాను.

కోరుట్లకు తిరిగివచ్చి బస్టాండు దగ్గర హోటల్లో కూర్చుని వార్త రాశాను. పక్క బల్ల మీద ఎవరో తెలిసినాయన, "పైలం తమ్మీ, సూసుకోని రాయి. నువ్వు గదే తొవ్వల పోవాలె" అన్నాడు. ఆయన నన్ను బెదిరించలేదు. నా మంచి కోరే అన్నాడు. నేను ఆ కాగితం ముందు చాలాసేపు కూర్చున్నాను. అలాంటి వార్తల్లో ఒక మాట వాడే పద్ధతి పేపర్లలో ఉంది, చదివేవాళ్లందరికీ తెలుసు. 'ఇన్ఫార్మర్ నెపంతో' అని రాస్తారు. అంటే అది వాళ్లు వేసిన నింద, నిజమో కాదో తేలలేదు అని. ఆ 'నెపంతో' రాశాను. తర్వాత కొట్టేశాను. నింద అని నేను తేల్చినట్టవుతుందేమో, అది చదివి ఎవరైనా నన్ను ఆపి అడుగుతారేమో అని భయం. చిన్నమ్మ చెప్పిన మాటలైతే కాగితం మీదికే తేలేదు. నేనింకా కార్డు రాని మనిషిని, పొడుగ్గా రాస్తే ఆఫీసులో విసుక్కుంటారని నాకు నేను చెప్పుకున్నాను. నాలుగు లైన్లు రాసి డ్రైవరు చేతిలో పెట్టాను.

మర్నాడు పేపర్లో వచ్చింది. 'కోరుట్ల సమీపంలో ఇన్ఫార్మర్ కాల్చివేత.' కింద ఆయన పేరు, ఊరి పేరు, ఇంటి పేరుతో సహా.

మూడో రోజు జరిగింది చెప్తాను. శవాన్ని పోస్టుమార్టానికి తీసుకుపోయినప్పుడు టపా సంచి ఊరి పోస్టుమాస్టరు ఇంటికి చేరింది. ఆయన ఉత్తరాలు పంచడానికి బయటికి రాలేదు, భయం. అంత్యక్రియలు అయిన మర్నాడు చిన్నమ్మ ఆయన ఇంటికి పోయి సంచి అడిగిందట. చదువు రాని మనిషి. ఏ ఉత్తరం ఎవరిదో ఆయనతో చెప్పించుకుని, వరుసగా పేర్చుకుని, ఇల్లిల్లూ తిరిగింది. వాకిట్లో నిలబడి పిలిచేది. లోపలివాళ్లు వచ్చి, ఆమె మొహం చూడకుండా ఉత్తరం అందుకుని తలుపు వేసుకునేవాళ్లు. నిన్నటిదాకా ఆమెతో ఒకే అరుగు మీద కూర్చుని బీడీలు చేసిన ఆడవాళ్లూ అంతే.

మా ఇంటికీ వచ్చింది. పొడుగు కవరు. మీద నా పేరు టైపు చేసి ఉంది. "నీది కొడుకా" అని ఇచ్చింది. చూస్తే, చేతిలో కవరు రాత కిందికి పెట్టి ఉంది. నేను తీసుకున్నాను. కళ్లెత్తలేదు. ఆమె పోయాక తెరిస్తే లోపల నా గుర్తింపు కార్డు.

ఆ కార్డు నా దగ్గర రెండేళ్లు ఉంది. దాన్ని చూపించి బస్సుల్లో తిరిగాను, సభల్లో ముందు కుర్చీలో కూర్చున్నాను. తర్వాత పెళ్లయింది, అత్తగారి ఊరు సిరిసిల్లలో ప్రింటింగు ప్రెస్ పెట్టుకున్నాను. శుభలేఖలు, కరపత్రాలు, ఇప్పుడు ఫ్లెక్సీలు. పేపరు పని మానేశానని అందరికీ చెప్పుకున్నాను గాని, నిజానికి మా ఊరి రోడ్డు మీద పోవడం మానేయాలనే సిరిసిల్లకు వచ్చాను.

ఊళ్లో చిన్నమ్మకు ఆ మాట అంటుకుపోయింది. ఏదో సర్వేకు వచ్చిన ఉద్యోగి ఇల్లు అడిగితే కూడా, "గా ఇన్ఫార్మరోళ్లదా" అని చూపించేవాళ్లట. కావాలని అనడం కాదు, గుర్తుకు అంతే. ఆమె ఊరు వదలలేదు. పుట్టింటికి రమ్మని అన్నలు వస్తే, "నేను పోతే గది నిజమే అనుకుంటరు" అని పంపేసింది. ఒంటరిగా అరుగు మీద కూర్చుని బీడీలు చేసి కూతుర్ని చదివించింది. ఆ పిల్ల టీచరై జగిత్యాలలో ఉద్యోగం వచ్చాక రమ్మన్నా, చివరి సంవత్సరం ఊపిరి ఆడక మంచం పట్టేదాకా పోలేదు.

పండగకో పెళ్లికో ఊరికి పోతే నన్ను చూసి ఎప్పటిలాగే "తిన్నవా కొడుకా" అని అడిగేది. ఆమెకు చదువు రాదు కదా, ఆ రోజు పేపర్లో ఏముందో ఆమెకు సరిగా తెలిసి ఉండదని అనుకునేవాణ్ని. అలా అనుకుంటేనే ఆమె పెట్టిన అన్నం గొంతు దిగేది.

ఎనిమిదేళ్ల కింద, వానాకాలంలో, ఆమె సిరిసిల్లకు నా దుకాణానికి వచ్చింది. రెండు బస్సులు మారి వచ్చింది. చేతిలో స్టీలు డబ్బా, దాంట్లో మక్క గారెలు. కూర్చోబెట్టి నీళ్లిచ్చాను. గోడల మీద ఉన్న ఫ్లెక్సీలన్నీ తలతిప్పి చూసింది.

"ఒక పని మీద అచ్చిన" అంది. "దళపోళ్లు సచ్చిన కాడ ఎర్ర స్తూపాలు కట్టుకున్నరు. పోలీసోళ్లు సచ్చిపోతే పట్నంల పేర్లు రాసి పెట్టుకున్నరు. మా ఆయినకే ఏం లేదు. ఆయిన ఇటూ గాదు, అటూ గాదు. ఆ మలుపు కాడ ఒక రాయి పాతిస్త. నాలుగు అక్షరాలు నువ్వు రాసియ్యాలె."

సరే అని కంప్యూటరు ముందు కూర్చుని, నాకు అలవాటైన మాటలే కొట్టాను. 'అమరజీవి' అని పెట్టి, పేరు పెట్టి, 'దురదృష్టవశాత్తు ఈ ప్రదేశంలో అసువులు బాసిన' అని రాసి చదివి వినిపించాను.

ఆమె శ్రద్ధగా విన్నది. "అమరజీవి అంటే?"

"గొప్ప పని కోసం ప్రాణమిచ్చినోళ్లు చిన్నమ్మా."

"ఆయిన పానం ఇయ్యలే కొడుకా. అన్నానికి ఇంటికి అస్తుండె." తెర వైపు చూసి, "సంపిండ్రు అన్న మాట ఏది?" అంది.

"ఇప్పుడు అవన్నీ ఎందుకు చిన్నమ్మా. మల్ల ఎవలన్నా..."

"సంపిండ్రు అనే రాయి. ఎవ్వలు సంపిండ్రో రాయకు. ఆళ్ల తల్లులు గూడ ఇంక బతికున్నరు, గా తొవ్వల్నే పోతరు." తర్వాత వేలు మడిచి లెక్క చెప్పినట్టు, "ఠాణా కాడ బస్సు కోసం నిలవడుతుండె అని రాయి. ఎవ్వల సంగతి ఎవ్వలకు చెప్పలే అని రాయి" అంది.

అవి ఆ రోజు రోడ్డు మీద నాకు చెప్పిన మాటలే. నేనిక కొట్టలేకపోయాను. కంప్యూటరు ముందు నుంచి లేచి ఆమె ముందు కింద కూర్చున్నాను.

"చిన్నమ్మా, ఆనాడు నువ్వు చెప్పింది నేను పేపరుకు రాయలే. వాళ్లు రాసిన మాటనే రాసిన. భయపడ్డ."

"ఎరుకే" అంది.

"ఎప్పటిసంది?"

"మూడో నాడు పోస్టుమాస్టరు సారు దగ్గరికి పోతి గద, టపా సంచి కోసం. ముందట పేపరు ఉండె. సదువుమన్న. సారు సదువనన్నడు. నేను ఇడిసిపెట్టలే, సదివిండు. కింద నీ పేరు లేదు గని, నువ్వే రాసినవని నాకు ఎరుకే."

ఆ తర్వాతే ఆమె నా కవరు పట్టుకుని మా వాకిట్లోకి వచ్చింది. "మరి నా ఉత్తరం ఎందుకు తెచ్చిచ్చినవ్?" అన్నాను.

"నీ ఉత్తరం నీది. నేనేం జేసుకుంట?"

నేను ఏడ్చాను. ఆమె నన్ను ఓదార్చలేదు. తల మీద చెయ్యి వేయలేదు. నేను ఏడవడం అయిపోయేదాకా ఎదురుచూసి, "మాఫ్ చేసినవా అని మాత్రం అడుగకు కొడుకా" అంది. "యాదికస్తే ఇప్పుడు గూడ కోపమే అస్తది. అన్నం పెట్టేటప్పుడు అస్తుండె, నువ్వు ఎదురుంగ కూసున్నప్పుడు గూడ అస్తుండె. అయినా పెట్టిన. ఇగ లేసి రాయి. మల్ల బస్సు పోతది."

లేచి రాశాను. పేరు, తండ్రి పేరు. మా ఊరి టపా మనిషి. ఈయనను ఈ చోట చంపారు. ఈయన ఠాణా ముందు నిలబడింది టపా బస్సు కోసం. ఎవరి సంగతీ ఎవరికీ చెప్పలేదు. ఆమె నాచేత నాలుగుసార్లు చదివించుకుని, కాగితం మడిచి రవికెలో పెట్టుకుంది. గారెలు తినమని మళ్లీ గుర్తుచేసి, డబ్బా ఖాళీ చేయించుకుని తీసుకుపోయింది.

ఇంతైనా, రాయి పాతే రోజు నేను పోలేదు. పెళ్లిళ్ల రోజులు, పని ఎక్కువగా ఉందని ఫోన్‌లో చెప్పాను. ఊరివాళ్ల ముందు ఆ రాయి పక్కన నిలబడితే ఎవరైనా నావైపు చూస్తారేమో అని నా బెంగ. "మంచిది, పని చూసుకో" అంది ఆమె. చిన్నాయనను కాల్చిన రోజు పొలంలోంచి పరుగెత్తినవాళ్లలో ఒక రైతే తన చెలక అంచున రెండు గజాల జాగా ఇచ్చాడని, పలుగు పట్టి గుంత కూడా తనే తవ్వాడని తర్వాత తెలిసింది. ఆయన చూసి పారిపోయాడు, నేను చూసింది రాయకుండా పారిపోయాను. ఆయన తిరిగి వచ్చాడు.

ఆరు నెలలకు గాని ఆ రాయిని చూడలేదు. పోయేసరికి చిన్నమ్మ అక్కడే ఉంది. నెలకోసారి తడిగుడ్డతో తుడుస్తుందట. నల్లరాయి, నడుమెత్తు ఉంటుంది. చెక్కిన అక్షరాల్లో చేరిన మట్టిని పుల్లతో తీస్తున్నది. రోడ్డు పక్కన బండి ఆపుకున్న ఒకాయనను పిలిచి, "అయ్యా, గిది ఏం రాసున్నదో జర సదువు" అంది. ఆయన చదివాడు. తొందరలో ఒక లైను వదిలేశాడు. "ఇంకోటున్నది" అంది ఆమె. ఆయన ఆశ్చర్యపోయి, వెనక్కి పోయి, మొత్తం చదివాడు. ఆయన పోయాక నావైపు తిరిగి, "సదువు రాదు గద. అక్షరాలు ఉన్నయో అరిగినయో నాకెట్ల ఎరుక? గందుకే సదివిస్త" అంది. నన్ను మాత్రం ఎప్పుడూ చదవమనలేదు.

ఇవి చెప్తూ ఆమెను దేవతను చేయాలని లేదు. ఆమెకు కోపముండేది, పట్టింపుండేది. ఆ రోజుల్లో తలుపు వేసుకున్న ఒకామె కొడుకు పెళ్లికి ఎన్నిసార్లు పిలిచినా పోలేదు. తంబాకు మానమని డాక్టరు చెప్తే డాక్టరునే తిట్టింది. కూతురు కొనిచ్చిన సెల్‌ఫోను బియ్యం డబ్బాలో పెట్టి మరిచిపోయేది. ఆమె నాకు చేసిన మేలు ఏమిటని ఎవరైనా అడిగితే, నన్ను క్షమించకపోవడమే అని చెప్తాను. క్షమించి ఉంటే నేను ఆ సంగతి మరిచిపోయేవాణ్ని.

ఆ పేపరు ఇప్పుడు లేదు, మూతపడి చాలా ఏళ్లయింది. తప్పు వార్తను సరిదిద్దుతూ వేయించడానికి చోటు లేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఆయన ఇన్ఫార్మర్ కాదు. టపా బస్సు కోసం నిలబడేవాడు. అది నాకు ఆ రోజే తెలుసు.

నేను ఊరు చేరేసరికి చిన్నమ్మను వాకిట్లో పడుకోబెట్టి ఉన్నారు. జనం బాగానే వచ్చారు. కూతురు తల దగ్గర కూర్చుని ఉంది. ఆమెకు దాదాపు నలభై ఏళ్లు, కూర్చున్న తీరు అంతా తల్లిదే. పాడె కడుతుండగా ఆమెను పక్కకు పిలిచాను. ఇక చెప్పకుండా ఆ పాడె మొయ్యలేననిపించింది. గోడ పక్కన నిలబడి, పేపరు సంగతి మొత్తం చెప్పాను. కొట్టేసిన ఆ ఒక్క మాటతో సహా.

ఆమె నన్ను మధ్యలో ఆపలేదు. అంతా విన్నాక, "అమ్మ నాతోని ఎన్నడు అనలే" అంది. గోడ వైపు చూస్తూ మళ్లీ మెల్లగా చెప్పింది. "బడిల పిల్లలు ఇన్ఫార్మర్ బిడ్డా అని పిలిచేది. ఇంటికచ్చి అడిగేదాన్ని, అమ్మా, గీ మాట ఎవ్వలు పుట్టిచ్చిండ్రు అని. ఎవ్వలో తెల్వది బిడ్డా అనేది. ఆ మాట అనుకుంటనే నీకు గిన్నెల అన్నం పెట్టి, అన్నకు ఇచ్చి రాపో అని నన్ను తోలేది."

"తప్పయింది తల్లీ" అన్నాను.

"ఇప్పుడు గాదన్నా" అంది. "ముందుగాల అమ్మను తీస్కపోదాం."

శ్మశానానికి ఊరి వెనక నుంచి దగ్గర దారి ఉంది. కూతురు మాత్రం రోడ్డు మీదుగా తీసుకుపోవాలంది, చిన్నమ్మ కోరిక అదేనట. నిప్పుకుండ ఎవరు పట్టాలని పెద్దలు ఏదో గొణుగుతుంటే తానే తీసుకుని ముందు నడిచింది. నేను పాడెకు వెనకవైపు భుజం పట్టాను. ఎవరూ పట్టమనలేదు, ఎవరూ వద్దనలేదు. ఆమె బరువు నా భుజానికి తెలియలేదు, అంత చిక్కిపోయింది.

దారి మధ్యలో పాడెను ఒకసారి దించి, పోయినవాళ్లను చెవి దగ్గర మూడుసార్లు పిలవడం మాలో ఆచారం. రాయి దగ్గరే దించమంది కూతురు. నిప్పుకుండను రోడ్డు మీద పెట్టి, మోకాళ్ల మీద కూర్చుని, తల్లి చెవి దగ్గరికి వంగి, "అమ్మా" అని మూడుసార్లు పిలిచింది. రెండో పిలుపుకు గొంతు పోయింది, మూడోది గాలి మాత్రమే. తర్వాత కళ్లు తుడుచుకుని కుండ ఎత్తుకుంది.

మళ్లీ భుజానికెత్తుకుని నడుస్తున్నాం. ఎదురుగాలి. ముందు ఆమె చేతిలోని కుండ నుంచి పొగ వెనక్కి వస్తున్నది, ఆమె భుజం మీదుగా, పాడె మీదుగా, మా కళ్లల్లోకి. మోస్తున్నవాళ్లందరికీ నీళ్లు కారుతున్నాయి, ఎవరివి పొగకో ఎవరివి దుఃఖానికో తెలియదు. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు. తెల్లచీర కొంగు నడుముకు చుట్టుకుని, చెప్పులు లేని కాళ్లతో, కాలుతున్న తారు మీద తిన్నగా నడిచిపోతూనే ఉంది.